బందెలదొడ్డియు, పశువైద్యుని మేరయు



బందెలదొడ్డి యన నేమో మీకు విప్పి చెప్పనక్కఱలేదు. చేనఁబడిన గొడ్డును తోలుకొనిపోయి కట్టివేయు చోటు. పెక్కు పల్లెలలో దాని గోడలు కూలి, ఆ స్థలమునకు పేరుమాత్రమే మిగిలినది. దిక్కులేని పశువునకు రోగము వచ్చినప్పుడో, కాలు విఱిగినప్పుడో చూడవలసినవాఁడెవఁడు? వానికి కూలి యిచ్చువాఁడెవఁడు? ఈ ప్రశ్నకు మన దేశమున ఇంతవఱకు దొరకిన సమాధానములను తెలిసికొనఁగోరువారు ఆ దొడ్డి తలుపునొద్దనే మొదలుపెట్టవలయును.

1857వ సంవత్సరపు మూఁడవ చట్టమును, దాని స్థానమున వచ్చిన 1871వ సంవత్సరపు మొదటి చట్టమును ఈ దొడ్లకు ఆధారములు. 1871 నాఁటి రుసుముల పట్టిక చదువ ముచ్చటగా నుండును. ఏనుఁగునకు రెండు రూపాయలు, గేదెకును ఒంటెకును ఎనిమిదణాలు, ఆవునకు, ఎద్దునకు, గుఱ్ఱమునకు నాలుగణాలు, దూడకు, గాడిదకు, పందికి రెండణాలు, గొఱ్ఱెకు, మేఁకకు ఒక యణా. మన నిజాంపట్నము తీరమున ఏనుఁగు చేనఁబడెనన్న మాట నేను విననే లేదు గాని, చట్టము వ్రాసినవారు దానినిఁగూడ మఱవలేదు. దొడ్డి కాపరి పశువునకు మేఁతయు నీరును పెట్టవలెను. ఏడుదినములలో యజమాని రాకున్నచో పోలీసువారికిఁ దెలుపవలెను. వారు నోటీసు అంటించి, ఊరను, సమీపపు సంతలోను టముకు వేయింపవలెను. మఱి యేడుదినములు చూచి వేలము వేయవలెను. మేఁత వ్రాసిరి, నీరు వ్రాసిరి, టముకు వ్రాసిరి, మందు వ్రాయలేదు. బండిచక్రము క్రింద నలిగిన కాలు పదునాలుగు దినములు టముకు చప్పుడు వినుచు వేచియుండునా?

సొమ్ము లేక మానిరనుకొందమా? అదియుఁ గాదు. దొడ్డి ఆదాయమునుండి కాపరి జీతము, కట్టడపు ఖర్చు పోఁగా మిగిలినదానిని రోడ్లకును, వంతెనలకును, ఇతర లోకోపయోగ కార్యములకును వాడవలెనని ఆ చట్టమే చెప్పినది. ఆ మిగులును స్థానిక సంస్థల నిధికి జమకట్టు వీలు తరువాత కలిగినది. పశువులవలన వచ్చిన పైకము బాటలకుఁ బోయినది. ఆ బాటలమీఁద నడచినవి ఆ యెడ్లే కదా యనవచ్చును. అనుఁడు, కుంటియెద్దునకు బాట యేమి సుఖమిచ్చును?

మన పూర్వులు ఈ చిక్కు నెఱుఁగనివారు కారు. 1909లో మైసూరున శామశాస్త్రిగారు అచ్చువేయించిన కౌటిలీయార్థశాస్త్రమున, గోవుల అధ్యక్షుఁడు కనిపెట్టవలసిన విషయములు ఎనిమిది చెప్పఁబడినవి. వానిలో ఒకదాని పేరు భగ్నోత్సృష్టకము. భగ్నమైనవి, వదలివేయఁబడినవి అని యర్థము. రోగముగలవి, అవిటివి, పరులకు పాలు చేఁపనివి, తన దూడనే చంపునవి, ఇట్టివానిని నూటిని ఒక మందగాఁ జేర్చి గోపాలకునకు అప్పగింతురు. వాఁడు ఆ జాతిపశువులనుండి వచ్చుదానిలో తగిన భాగమును రాజునకిచ్చి, తక్కినదానితో వానిని సాఁకుకొనును. రాచయుద్యోగి కాని మనుష్యునితో దిక్కులేని పశువుల పోషణకై చేసికొన్న ఒడఁబడిక కాక యిది మఱేమి? తప్పిపోయి కానరానిదానిని నష్టమనియు, బురదలోఁ గూలియో నీటఁ బడియో చచ్చినదానిని వినష్టమనియు వేఱువేఱు పద్దులలో వ్రాసికొనిరి. మన కరణములకుఁగూడ ఇంత నిదానమున్నదా యనిపించును.

గుఱ్ఱముల ప్రకరణమున వైద్యుని కూలికిఁ దోడు వైద్యుని దండనయుఁ గలదు. మందులోని లోపముచేతనో, చేష్టలోని అలసత్వముచేతనో రోగము ముదిరినచో చికిత్సకైన ఖర్చునకు రెట్టింపు జరిమానా. ఆ తప్పుచేతనే పశువు చెడినచో దాని వెల యంతయు ఇచ్చుకొనవలెను. ఈ నియమమే ఆవులకును, గాడిదలకును, గేదెలకును, మేఁకలకును వర్తించునని స్పష్టముగాఁ జెప్పిరి. కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండలపైనున్న అశోకుని శాసనములు మనుష్యులకును పశువులకును రెండు విధముల చికిత్సను ఏర్పఱచిన సంగతిని చాటుచున్నవి. అది దయామాట, అర్థశాస్త్రము లెక్కమాట. దయ యెన్నఁడును తక్కువపడలేదు; లెక్కయే తక్కువపడినది.

ఇంగ్లీషువారి కాలమున ఈ పని దాతల చేతికిఁ బోయినది. 1832లో బొంబాయిలో వీధికుక్కలను పోలీసులు చంపింపఁ బూనఁగా, పార్సీలు తిరుగఁబడిరి. 1834లో జంషెడ్జీ జీజీభాయి మొదలగువారు అక్కడ పింజ్రాపోలు స్థాపించిరి. దాతలు కట్టించిన బాయి సాకర్‌బాయి పెటిట్ పశువైద్యశాల ఆవరణముననే 1886లో సర్కారు పశువైద్య కళాశాల వెలసినది. మదరాసున అట్టి కళాశాల 1903లో వచ్చినది. అందుఁ జదివినవారు ముసరవ్యాధితోఁ బోరాడిరి. 1954లో దేశవ్యాప్తమైన కార్యక్రమము మొదలై, 2011లో ప్రపంచమందే ఆ వ్యాధి నిర్మూలమైనదని ప్రకటింపఁబడినది. ఇది చిన్న విజయము కాదు. కాని అది మందలకైన వైద్యము. దారిప్రక్క పడియున్న ఒంటరి గొడ్డునకుఁ గాదు.

1960లో జంతుహింసా నివారణ చట్టము వచ్చుటకు రుక్మిణీదేవి అరండేలుగారి పట్టుదల ముఖ్యకారణము. అందు చికిత్సాలయములమాట కలదు. ఆ ఖర్చును పశుయజమాని ఇచ్చుకొనవలెను. వాఁడు బీదవాఁడైనచో మేజిస్ట్రేటు మాఫీ చేయవచ్చును. అసలు యజమానియే లేనిదాని మాట? 2001 నాఁటి నియమములు ప్రతి జిల్లాలో సంఘముండవలెననియు, దాని చికిత్సాలయమున పూర్తికాలపు వైద్యుఁడుండవలెననియు చెప్పినవి. కాగితముపై నది చక్కని యేర్పాటే. ఇఁక రాజ్యాంగమునందు పంచాయతీలకు 1992 సవరణతోఁ జూపిన పట్టికలో పశుపోషణ కలదు గాని, జంతుహింసా నివారణ పురపాలికల పట్టికలో మాత్రమే కలదు. పల్లెలో గొడ్డు దెబ్బ తినదా?

మన తీరమున ఈ సంగతి మఱింత బరువైనది. 1977 నవంబరు 19వ తేదీనాఁటి ఉప్పెన దివిసీమనేగాక కృష్ణకు ఈవలిగట్టున రేపల్లె తాలూకా తీరమునుఁగూడ ముంచినది. రెండు లక్షలకు పైఁగా పశువులు మడిసినవని లెక్క. ఉప్పెన వచ్చినచో సొంతపశువు, అనాథపశువు అను భేదము ఒక్క రాత్రిలోఁ జెఱిగిపోవును. యజమాని పోయినచో వాని యావు దిక్కులేనిదే. ఉప్పునీరు త్రాగి, దెబ్బలతో గట్టెక్కిన గొడ్డునకు ఆ మఱునాఁడే మందు కావలెను, టముకు కాదు.

ఇటీవలి యేర్పాట్లలో రెండింటినిఁ జూడవలెను. మొదటిది కుక్కలకు సంబంధించినది. 1996లో మదరాసు నగరపాలక సంస్థ బ్లూక్రాస్ వారితోఁ గలసి వీధికుక్కలకు సంతాననిరోధ శస్త్రచికిత్స చేయించుటకు ఒప్పుకొనెను. 2001లో కేంద్రము ఆ పద్ధతినే నియమములుగాఁ జేసినది. స్థానిక సంస్థ ఆ సంఘములకు చేసిన చికిత్సల సంఖ్యనుబట్టి పైకము చెల్లించును. ఇచ్చటనే కీలకమున్నది. లెక్కపెట్టి ఇచ్చు కూలి, లెక్కకు వచ్చు పనినే చేయించును. అర్ధరాత్రి లారీ క్రిందఁ బడిన కుక్క ఆ లెక్కలో లేదు.

రెండవది 1962 అను ఫోను నంబరు. తెలంగాణమున 2017లో నూఱు సంచార పశువైద్యశాలలను ఒప్పందముమీఁద జి.వి.కె. ఇ.ఎం.ఆర్.ఐ. అను సంస్థ నడుపునట్లు ఏర్పఱచిరి. ఆంధ్రప్రదేశమున 2022 మే 19న 175 బండ్లు ఇట్లే బయలుదేఱినవి. వేయి కిలోల పశువును ఎత్తు యంత్రము వానిలోఁ గలదు. ఇది మెచ్చవలసిన పని. అయినను తుపానునాఁడు మా అడవులదీవికి ఆ బండి యెప్పుడు చేరును? అదియుఁ గాక, ఫోను చేయువాఁడు సామాన్యముగా యజమానియే. అచ్చువోసిన ఆఁబోతు కొఱకు ఎవఁడు ఫోను చేయును? ట్రాక్టరులు వచ్చినతరువాత కోడెదూడలకు పని తగ్గి, బాటలఁ బట్టినవి పెరుగుచున్నవి.

మన పల్లెలలో పూర్వము పన్నిద్దఱు ఆయగాండ్రుండిరి. చాకలికి, మంగలికి, కమ్మరికి కళ్లములో మేర కొలిచెడివారు. పని పడిన నాఁడును, పడని నాఁడును ఆ మేర వారిదే. అందుచేత పిలిచిన వెంటనే వచ్చిరి. ఆ పన్నిద్దఱిలో పశువైద్యుఁడు లేఁడు. అత్యవసర వైద్యమునకు వలయునది సరిగా ఈ మేరయే. రేపల్లెలోనో, బాపట్లలోనో, తెనాలిలోనో సొంతముగా వైద్యము చేసికొను పట్టభద్రునితో నాలుగైదు పంచాయతీలు కలసి ఒడఁబడిక వ్రాసికొనవచ్చును. సంవత్సరమునకింత యని మేర; రాత్రి పిలిచిన దారిఖర్చు; మందుల పెట్టె పంచాయతీది. పిలుచు అధికారము ఊరిలో ఒక్కనికి పేరుతో నుండవలెను. పిలిచిన రాకున్నచో మేర కోఁత. మందులోపమున పశువు చెడినచో కౌటిల్యుని లెక్క.

కొందఱు దీనిని తుపాను ఋతువునకు ముందు, భాద్రపదమున వ్రాసికొనిన చాలునందురు. 1977 ఉప్పెన నవంబరులోను, బాపట్లయొద్ద తీరము దాఁటిన 2023 నాఁటి మిచాంగ్ డిసెంబరు 5నను వచ్చినవి నిజమే. కాని 1990లో మన కృష్ణా ముఖద్వారముప్రాంతమును తాఁకిన పెనుగాలి మే 9న వచ్చినది. కావున ఉగాదిని వ్రాసికొనుటయే మేలు. రెండు కాలములును అందులోఁ బడును.