కొండనాలుక పక్కన వెతుకులాట

టాన్సిల్స్ తీసేశాక ఆ మాంసపు ముక్కలు చాలాసార్లు పాథాలజీ ల్యాబుకు వెళ్తాయి. అక్కడ వాటిని ఫార్మలిన్‌లో ఉంచి, మైనంలో పోతపోసి, చిన్న దిమ్మెలుగా చేసి దాస్తారు. మామూలు వాపు అని రిపోర్టులో ఒక ముక్క రాస్తే వాటి పని అయిపోయినట్టే. గత పాతికేళ్లలో అలాంటి దిమ్మెలను పరిశోధకులు వేల కొద్దీ మళ్లీ బయటికి తీశారు. వాటిలో క్యాన్సర్ లేదని తెలిసే తీశారు. అది రాకముందు పడే తొలి అడుగు ఆనవాలు ఎక్కడైనా దొరుకుతుందేమోనని వాళ్ల ఆశ.

ఈ వెతుకులాటకు మూలం పులిపిర్లలో ఉంది. 1933లో అమెరికాలో రిచర్డ్ షోప్ అడవి కుందేళ్ల ఒంటిమీద కొమ్ముల్లా లేచే పులిపిర్లను నూరి వడకట్టాడు. బ్యాక్టీరియా దాటలేని ఆ వడపోత దాటి వచ్చిన రసం మరో కుందేలుకు అంటిస్తే దానికీ పులిపిర్లు మొలిచాయి. అంటే కారణం వైరస్. అవే పులిపిర్లు పెంపుడు కుందేళ్లలో క్యాన్సర్‌గా మారడం పేటన్ రౌస్ చూశాడు. ఇంత తెలిసినా మనిషి పులిపిరిని చాలాకాలం ఎవరూ అనుమానించలేదు. 1970లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు హెర్పిస్ వైరస్ కారణమని గట్టిగా నమ్మేవారు. జర్మన్ వైద్యుడు హరాల్డ్ జుర్ హౌసెన్ ఆ గడ్డల్లో హెర్పిస్ డీఎన్‌ఏ కోసం వెతికాడు. దొరకలేదని 1974లో నిండు సభలో చెప్పాడు. మనిషి పులిపిరి వైరస్ (హెచ్‌పీవీ) వైపు మళ్లాడు. దాదాపు పదేళ్ల తర్వాత, 1983లో ఆయన బృందం హెచ్‌పీవీ-16ను, మరుసటి ఏడు హెచ్‌పీవీ-18ను ఆ గడ్డల్లోంచి పట్టుకుంది. ఆ క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి ఈ రెండే మూలం. 2008లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

అదే 1983లో ఫిన్లండ్‌కు చెందిన కారి సిర్యానెన్ బృందం నోటి క్యాన్సర్లలోనూ ఈ వైరస్ పోలికలు కనిపిస్తున్నాయని రాసింది. ఆ మాట చెవికెక్కడానికి చాలా ఏళ్లు పట్టింది. నోరు, గొంతు క్యాన్సర్ అనగానే అందరికీ పొగాకూ మద్యమూ గుర్తొచ్చేవి. మన దగ్గరా అంతే. శ్రీకాకుళం పల్లెల్లో నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ఆడవాళ్ల అంగిట్లో వచ్చే మార్పులను 1960లలో ఫాలీ మెహతా, పిండ్‌బోర్గ్ బృందం ఇంటింటికీ తిరిగి నమోదు చేసింది. అక్కడ కారణం కళ్లెదుటే ఉంది. చుట్ట సెగ తగిలే చోటే పుండు లేస్తుంది.

మరి చుట్టా సిగరెట్టూ ముట్టనివాళ్ల టాన్సిల్‌లో గడ్డ ఎలా వస్తోంది? 2000లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్‌లో మౌరా గిలిసన్ బృందం తల, మెడ భాగాల క్యాన్సర్ ఉన్న 253 మంది గడ్డలను పరీక్షించింది. 62 మందిలో వైరస్ దొరికింది, అందులో పదింట తొమ్మిది హెచ్‌పీవీ-16. టాన్సిల్స్ ఉండే గొంతు భాగంలోనే ఎక్కువగా కనిపించింది. ఆ రోగులు మిగతావారికంటే ఎక్కువకాలం బతికారు కూడా. స్టాక్‌హోంలో పాత దిమ్మెలు తిరగేస్తే, 1970లలో టాన్సిల్ క్యాన్సర్లలో 23 శాతంగా ఉన్న హెచ్‌పీవీ వాటా 2006-07 నాటికి 93 శాతానికి చేరిందని తేలింది. ఒక్క తరంలోనే జబ్బు స్వభావం మారిపోయింది.

టాన్సిలే ఎందుకు? దాని ఉపరితలం నున్నగా ఉండదు. లోపలికి సన్నని గుంటలు దిగుతాయి. క్రిములను పట్టి రోగనిరోధక కణాలకు అప్పజెప్పడం ఆ గుంటల పని, అందుకే వాటి పొర జల్లెడలా అక్కడక్కడా విడివిడిగా ఉంటుంది. చర్మంలో అయితే ఈ వైరస్ అడుగు పొరను చేరాలంటే గాయం కావాలి. ఇక్కడ తలుపు ముందే తీసి ఉంది. లోపలికి చేరాక దాని ఈ6 ప్రొటీన్ మన పీ53ని కరిగించేస్తుంది, ఈ7 ఆర్‌బీని కట్టిపడేస్తుంది. రెండూ కణం అదుపు తప్పకుండా కాపలా కాసేవే. పొగాకు క్యాన్సర్‌లో పీ53 జన్యువే చెడిపోతుంది. వైరస్ క్యాన్సర్‌లో జన్యువు సాధారణంగా చెక్కుచెదరదు, అది తయారుచేసిన ప్రొటీన్‌కే దిక్కులేదు. వైరస్ వల్ల వచ్చే ఈ క్యాన్సర్లు చికిత్సకు బాగా లొంగడానికి ఇదొక కారణమని భావిస్తారు.

అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్‌కు ఏళ్ల ముందే కణాలు రూపు మారుతాయి, పాప్ పరీక్షలో కనబడతాయి, తీసేస్తే ప్రాణం దక్కుతుంది. టాన్సిల్‌లో అలాంటి మెట్టు ఎవరికీ చిక్కలేదు. అందుకే మామూలు టాన్సిల్స్ మీద పడ్డారు. బ్రిటన్‌లో నాలుగు వేలకు పైగా నమూనాలు చూస్తే వైరస్ బహు అరుదు అని 2014లో తేలింది. ఫ్రాన్స్‌లో గుంటల్లోకి బ్రష్ దించి గీకి చూశారు. అక్కడా క్యాన్సర్ ముందు దశ పట్టుబడలేదు. హెచ్‌పీవీకి గుర్తుగా వాడే పీ16 రంగు, వైరస్ జాడే లేని టాన్సిల్ గుంటల్లోనూ పడుతుందని 2010లో బయటపడింది. ఆ రంగు ఒక్కటే చూసి భయపడటానికి వీల్లేదు. జన్యు మార్పుల సంగతీ అంతే. 2018లో ఆరోగ్యవంతమైన అన్నవాహిక పొర జన్యువులను చదివితే, నడివయసు వచ్చేసరికి అందులో సగానికి పైగా కణాలు క్యాన్సర్ జన్యువుల్లో మార్పులు మోస్తున్నాయి. ఆ మార్పులతోనే జనం నిక్షేపంగా బతుకుతున్నారు.

ఇన్ని వేల నమూనాల్లో దొరకకపోవడాన్ని నేను ఓటమిగా చూడలేను. లేనిదాన్ని లేదని నిజాయితీగా రాసిన ఆ కాగితాలే, ఆరోగ్యవంతుల టాన్సిల్స్‌ను ఊరికే జల్లెడ పట్టి లాభం లేదని చెప్పాయి. చూపు రక్తం మీదికి మళ్లింది. యూరప్‌లో ఏళ్ల తరబడి దాచిన రక్త నమూనాలను 2013లో తీసి చూస్తే, తర్వాత ఈ గొంతు క్యాన్సర్ వచ్చినవాళ్లలో 34.8 శాతం మందికి ఈ6 మీద ప్రతిరక్షకాలు ముందే ఉన్నాయి. క్యాన్సర్ రానివాళ్లలో అవి 0.6 శాతమే. కొందరిలో జబ్బు బయటపడటానికి పదేళ్లకు పైగా ముందు తీసిన రక్తంలోనే ఆ గుర్తు ఉంది. అంటే ఆ పదేళ్లూ వైరస్ ఎక్కడో ఒక గుంటలో పని చేస్తూనే ఉంది. ఆ గుంట ఏదో కత్తికీ స్కానుకూ ఇంకా అందలేదు.