ఆయుధం చేసే చేతులు, చర్చల బల్ల

పెనుకొండ దాటి బెంగళూరు హైవే పడితే పాలసముద్రం వస్తుంది. రక్షణ పరికరాల తయారీకని అక్కడ భారత్ ఎలక్ట్రానిక్స్‌కు భూములిచ్చి ఏళ్ళయింది. ఆ ఫ్యాక్టరీ మొదలవ్వాలని కోరుకునేవాళ్ళలో నేనూ ఉన్నాను. అందుకే ఇలాంటి చోట్ల అధికారులు, కార్మిక సంఘాలు ఇన్నాళ్ళూ ఎలా మెలిగాయో తెలుసుకోవాలి.

మన దేశంలో సైనికుడు యూనియన్ పెట్టుకోవడం కుదరదు. ఆయుధాలు చేసే సివిలియన్ ఉద్యోగులకు మాత్రం సంఘాలున్నాయి. 1960 జూలైలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులు జీతాల కోసం సమ్మెకు దిగితే, నెహ్రూ ప్రభుత్వం ఆర్డినెన్సుతో అణిచింది. ఆ చేదు నుంచే 1966లో సంయుక్త సంప్రదింపుల యంత్రాంగం పుట్టింది. జాతీయ స్థాయి నుంచి ఆఫీసు స్థాయి దాకా అధికారులూ, ఉద్యోగుల ప్రతినిధులూ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. జీతభత్యాలు, పనిగంటలు, సెలవులపై రాజీ కుదరకపోతే మధ్యవర్తిత్వం ఉంది.

ఈ ఏర్పాటు ఎందుకు కావాలో ఎద్దుమైలారం చూస్తే తెలుస్తుంది. అక్కడ 1984లో వెలసిన మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో సారథ్ అనే బీఎంపీ-2 సాయుధ వాహనాలు తయారవుతాయి. పద్నాలుగు టన్నుల ఆ బండి, లోపల సైనికులతో సహా, నీళ్ళమీద తేలుతూ వాగు దాటాలి. వెల్డింగు అతుకులో సన్నటి పగులున్నా లోపలికి నీరొస్తుంది. దాన్ని ముందు పసిగట్టేది వెల్డరే. అతని మాట పైకి చేరే దారి లేకపోతే కొత్త యంత్రాలు ఎన్ని తెచ్చినా ఏం లాభం?

కానీ అసలు పెద్ద మార్పు వచ్చేసరికి ఆ బల్ల పనిచెయ్యలేదు. ఆయుధ కర్మాగారాలను కార్పొరేషన్లుగా మార్చొద్దని 2019 ఆగస్టులో కార్మికులు సమ్మె చేశారు. చర్చల హామీతో కొద్ది రోజులకే విరమించారు. 2021 జూన్‌లో కేబినెట్ మార్పుకే మొగ్గింది. సంఘాలు మళ్ళీ సమ్మె అనగానే, సమ్మెలను నిషేధించే వీలు కల్పిస్తూ అత్యవసర రక్షణ సేవల ఆర్డినెన్సు, వెంటనే చట్టం వచ్చాయి. అక్టోబరు 1న 41 ఫ్యాక్టరీలు ఏడు కంపెనీలయ్యాయి. మెదక్ ఫ్యాక్టరీ ఆవడి కేంద్రంగా ఉన్న ఆర్మర్డ్ వెహికిల్స్ నిగమ్‌లో చేరింది. ఉద్యోగులను రెండేళ్ళ డెప్యుటేషన్ మీద పంపారు, ఆపైన గడువు పొడిగిస్తూ వచ్చారు.

కంపెనీ రూపంలో తప్పు లేదు. ఆర్డర్లు, నాణ్యత, ఎగుమతులు ముఖ్యమే. సంఘాలు కూడా ప్రతి మార్పునూ ఉద్యోగ భద్రత కళ్ళతోనే చూశాయన్న విమర్శలో నిజముంది. అయినా రేపు తామెవరి ఉద్యోగులమో తెలియనివాళ్ళు ధైర్యంగా లోపాలు చెప్పడం కష్టం. పాలసముద్రంలో మొదటి షెడ్డు లేచే రోజునుంచే కార్మికుల ప్రతినిధులకు ఉత్పత్తి సమీక్షల్లో కుర్చీ వెయ్యాలి.