కాంటెస్సా కారు – మూడు ఇంజన్ల కథ

అంబాసిడర్ కారును గురించి మన విశ్రాంత ఉద్యోగులకు వేరే చెప్పనక్కరలేదు. అదే కంపెనీ నుంచి వచ్చి, సుమారు పదిహేనేళ్ళపాటు మన దేశంలో దర్జాకు మారుపేరుగా నిలిచిన కాంటెస్సాను మాత్రం నేటి పిల్లలు ఎరుగరు. దాని చరిత్ర నిజానికి మూడు ఇంజన్ల చరిత్ర. లైసెన్సుల కాలం నుంచి పోటీ కాలానికి దేశం ఎలా నడిచిందో అందులో కనిపిస్తుంది.

కాంటెస్సా పుట్టుక ఇంగ్లండులో. అక్కడ వాక్స్‌హాల్ కంపెనీ తయారుచేసిన వి.ఎక్స్. కారుకు 1759 సి.సి., 2279 సి.సి. ఇంజన్లు ఉండేవి. కొనేవాడు తన అవసరాన్నిబట్టి ఎంచుకునేవాడు. అక్కడ దాని తయారీ ఆగిపోయాక ఆ అచ్చులు, సామగ్రి కొని హిందుస్థాన్ మోటార్స్ వారు 1984లో ఇక్కడ కాంటెస్సాను విడుదల చేశారు. ఇంజన్ మాత్రం అంబాసిడర్‌లోని పాత 1489 సి.సి.దే. శక్తి సుమారు 50 హార్స్‌పవర్. జమీందారు అంగరఖా తొడుక్కున్న గుమాస్తా లాగ ఉండేదన్నమాట! విదేశీ ఇంజన్ తేవాలంటే అనుమతులు, విదేశీ మారకద్రవ్యం కావాలి. అందుకని చేతిలో ఉన్నదే బిగించారు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక, కొత్త యంత్రం అంటే ఏమిటో జనానికి తెలిసింది. 80ల చివరికి జపాన్‌కు చెందిన ఇసుజు సహకారంతో 1817 సి.సి. పెట్రోలు ఇంజన్, అయిదు గేర్లు కాంటెస్సాకు వచ్చాయి. అదే కాంటెస్సా క్లాసిక్. ఒడ్డుకు తగిన బలం అప్పటికి సమకూరింది. తరువాత 1995 సి.సి. ఇసుజు డీజిలు ఇంజన్ కూడా వచ్చింది.

మా ఆఫీసులో అంబాసిడర్లే ఉండేవి. వాటి లాగ్ పుస్తకాలు చాలాకాలం నేనే చూశాను కనుక ఒక మాట చెప్పగలను. కారు హోదా డిక్కీ మీది అక్షరాల్లో ఉంటుంది గాని, దాని ఖర్చు ఇంజన్‌లో ఉంటుంది. వేగం కావలసినవారు 1.8 పెట్రోలు కొన్నారు. రోజూ దూరం తిరిగేవారు, ఆ రోజుల్లో పెట్రోలు కంటే బాగా చవకైన డీజిలు బండి కొన్నారు.

బలం వచ్చేసరికి కాలం మారిపోయింది. 1990లో మారుతి 1000, 1991లో ఆర్థిక సంస్కరణలు, 1993లో కార్ల తయారీకి లైసెన్సు రద్దు, 1995లో సియెలో. తేలికైన, పొదుపైన కార్ల ముందు కాంటెస్సా నిలవలేక 2002లో ఆగిపోయింది. అంబాసిడర్ 2014 మే దాకా నడిచింది.

ఈనాడు మన మనుమలు కారు కొనబోతే ఏ ఇంజన్, ఏ రకం అని పది ప్రశ్నలు వేస్తారు. మన రోజుల్లో ఉన్న ప్రశ్న ఒక్కటే: బండి ఎప్పుడిస్తారు? ఆ తేడా ఎలా వచ్చిందో వారికి చెప్పవలసింది మనమే.