రంగుకో రాయి నుంచి ఒకే పలక దాకా

తెలుగు ఇళ్ల గోడల మీదికి లక్ష్మీ సరస్వతులు పటాలై వచ్చింది రవివర్మ ప్రెస్ చలవతోనే. 1894లో బొంబాయిలో పెట్టారు. జర్మనీ యంత్రాలు, జర్మన్ పనివాళ్లు. రంగుకో అచ్చురాయి చొప్పున సిద్ధం చేసి, ఒకే కాగితాన్ని మళ్లీ మళ్లీ అచ్చుకెక్కించేవారు. గొప్ప పనితనమే. కానీ అక్కడ చిత్రకారుడి తైలవర్ణ చిత్రం ముందు పుట్టేది, అచ్చు దానికి నకలు.

ఏళ్ల తరబడి పిల్లలకు జింకు పలక మీద అచ్చు బొమ్మలు చేయడం నేర్పుతున్నాను. రంగుల అచ్చు కథను మలుపు తిప్పినవాళ్లలో మనవాడొకడున్నాడని ప్రతి కొత్త తరగతికీ చెబుతాను. 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టిన కృష్ణారెడ్డి. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ శిష్యుడు, లండన్‌లో హెన్రీ మూర్ దగ్గర శిల్పం నేర్చుకుని, పారిస్‌లో హేటర్ అనే కళాకారుడు నడిపే అచ్చు చిత్రాల కార్ఖానా అటెలియర్ 17లో చేరాడు.

శిల్పి కాబట్టే పలకను చదునైన రేకులా చూడలేదు. ఆమ్లంతో, ఉలితో మెట్లు మెట్లుగా లోతులు తీశాడు. ఇక రంగుల సంగతి. అవిసెనూనె ఎక్కువ కలిపి పలచన చేసిన ఇంకును గట్టి రోలర్‌తో దొర్లిస్తే మిట్టలకే అంటుతుంది. తర్వాత చిక్కటి ఇంకును మెత్తటి రోలర్‌తో నొక్కితే పల్లాల్లోకి దిగుతుంది. పలచటి ఇంకు మాత్రం దాన్ని తన మీద పడనివ్వదు. అలా ఒక్క పలక మీదే రంగులన్నీ నిలిచి, ప్రెస్‌లో ఒక్కసారి తిప్పితే బొమ్మంతా కాగితం మీదికి వచ్చేస్తుంది. తోటి కళాకారుడు కైకో మోతీతో కలిసి అటెలియర్ 17లో ఈ పద్ధతికి రూపమిచ్చాడు. నూనె పాళ్లు కాస్త తప్పినా రంగులు కలిసి బురదవుతాయి. అందుకే మా పిల్లలు బొమ్మ జోలికి వెళ్లే ముందు ఇంకు చిక్కదనాన్ని కత్తి అంచున జారవిడిచి చూసుకోవాలి.

1968 పారిస్ విద్యార్థుల ఉద్యమాన్ని చూసి ఆయన ‘డిమాన్‌స్ట్రేటర్స్’ చేశాడు. నాకు అన్నిటికన్నా ఇష్టమైంది మాత్రం ‘గ్రేట్ క్లౌన్’. ఒకే పలక, ఇంకులు మారుస్తూ తీసిన అచ్చుల్లో ఒకటి నీలంలో మునిగితే ఇంకొకటి ఎరుపులో మండుతుంది. ఏ తైలచిత్రానికీ ఇవి నకళ్లు కావు. ఆ పలక కన్నా ముందు ఆ బొమ్మే లేదు.