యాత్రల వెంట కెమెరా

ఈనాటి మన పిల్లలకు చరిత్ర పాఠ్యపుస్తకం కంటె ముందుగా తెరమీదనే పరిచయమవుతున్నది. యుద్ధమైనా, సముద్రయానమైనా, పర్వతారోహణమైనా ముందొక చిత్రంలో చూచి, ఆ తరువాతనే తరగతిలో దానిని గురించి వింటున్నారు. ఇది దోషమని నేననను. ముప్పది పేజీలు చదివినా మనస్సుకు పట్టని ధ్రువప్రాంతపు చలి ఒక్క నిమిషపు దృశ్యంతో పట్టవచ్చు. అయితే చూచినదంతా జరిగినదేనని వారు నమ్ముతున్నారు. “మేము కళ్లారా చూశాం కదండీ!” అన్న విద్యార్థికి సమాధానం చెప్పడం ఏ ఉపాధ్యాయునికైనా సులభం కాదు. సాహసయాత్రలను, యుద్ధాలను మొట్టమొదట చిత్రించినవారు ఎక్కడ నిలబడి చిత్రించారో, ఎక్కడికి వెళ్లలేకపోయారో తెలుసుకుంటే ఆ సమాధానం కొంత సుగమమవుతుందనే ఉద్దేశంతో ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

1910లో కెప్టెన్ స్కాట్ ‘టెర్రా నోవా’ అనే ఓడలో దక్షిణధ్రువయాత్రకు బయలుదేరినప్పుడు హెర్బర్ట్ పాంటింగ్ అనే ఛాయాగ్రాహకుని వెంటబెట్టుకొని వెళ్లాడు. అంతకుముందు యాత్రలలో వైద్యుడో, ఇంజనీరో తీరికవేళల్లో ఫొటోలు తీసేవారు. పాంటింగ్‌కు అదే వృత్తి. ఓడ మంచుపలకలను చీల్చుకొనిపోయే దృశ్యం కోసం ఓడ ప్రక్కనుండి బయటకు చెక్కలు కట్టించి, వాటి చివర వ్రేలాడుతూ కెమెరా పిడి త్రిప్పాడు. 1911 జనవరిలో కేప్ ఇవాన్స్ అనే చోట దిగిన కొద్దిరోజులకే, మంచుపలకమీద నిలబడి ఓర్కా తిమింగలాలను చిత్రించబోగా, అవి క్రిందినుండి మంచును పగులగొట్టి ఆయనను నీటిలో పడవేయబోయినవి. ఒక ముక్కమీదినుండి మరొక ముక్కమీదికి దూకుతూ, కెమెరాను వదలకుండానే బయటపడ్డాడు. (వదలకపోవడం వివేకమా, వ్యసనమా అన్నది వేరు సంగతి.) ఆ చలిలో కెమెరా లోహభాగానికి నాలుకకొన తగిలి అంటుకొనిపోగా, లాగేసరికి చర్మం ఊడివచ్చిందని తన గ్రంథంలో చెప్పుకున్నాడు. అక్కడి దీర్ఘరాత్రులలో సహచరులకు బర్మా, జపాను దేశాల చిత్రాలను లాంతరు స్లైడులతో చూపి ఉపన్యాసాలిచ్చేవాడు.

ఇంతటి శ్రద్ధగల మనిషి ధ్రువం వరకు వెళ్లలేదు. ఆయన పరికరాల బరువు స్లెడ్జిబండ్లమీద అంతదూరం లాగదగినది కాదు. ఈ సంగతి ముందే తెలిసినందువల్ల ఆయన ఒక ఉపాయం చేశాడు. ధ్రువయాత్ర మొదలు కాకముందే స్కాట్, విల్సన్, బోవర్స్, ఎడ్గర్ ఇవాన్స్ అనే నలుగురిని బండి లాగమని, గుడారం వేయమని, లోపల వంట చేసుకొని, తడిసిన మేజోళ్లు మార్చుకొని, సంచులలో దూరి పడుకోమని కోరి, వాటినన్నిటినీ స్థావరం సమీపంలోనే చిత్రించుకున్నాడు. ఈనాడు మనం చూచే దృశ్యం అదే. నలుగురూ నవ్వుకుంటూ ఆవిరిలేచే గిన్నె చుట్టూ కూర్చుంటారు. ఆ దృశ్యంలో వారు నటించింది తమ నిత్యకృత్యాన్నే కనుక అది అసత్యమని చెప్పలేము. కాని అది ధ్రువమార్గం కాదు. చివరకు ధ్రువానికి వెళ్లినవారు ఐదుగురు. ఐదవవాడైన ఓట్స్ ఆ గుడారంలో కనిపించడు.

1912 జనవరి 17న ఆ ఐదుగురు ధ్రువం చేరేసరికి నార్వేకు చెందిన అముండ్‌సెన్ ముందటి డిసెంబరు 14ననే అక్కడికి చేరి వెళ్లిపోయినట్లు తెలిసింది. అక్కడ తీసుకున్న ఫొటోకు బోవర్స్ దారం లాగి కెమెరా మీటను కదిలించాడు. ఐదు ముఖాలలోనూ నవ్వు లేదు. తిరుగుదారిలో ఫిబ్రవరి 17న ఇవాన్స్, మార్చి మధ్యలో ఓట్స్ మరణించారు. మిగిలిన ముగ్గురు ఆహారపు నిల్వకు 11 మైళ్ల దూరంలో గుడారంలోనే కన్నుమూశారు. స్కాట్ డైరీలో చివరి తేదీ మార్చి 29. నవంబరు 12న వెదకబోయినవారికి ఆ గుడారం కనిపించింది. ధ్రువం దగ్గర తీసిన ఫిల్ము కూడా అందులోనే దొరకగా, దానిని కడిగి అచ్చులు తీశారు.

ఇక్కడ నా మనస్సును మిక్కిలి కలచివేసే విషయమొకటి ఉన్నది. పాంటింగ్ పంపిన ఫిల్ములో మొదటి భాగం 1911 నవంబరులోనే లండనులో విడుదలయింది. రెండవ భాగాన్ని 1912 శరత్కాలంలో ప్రదర్శించారు. గుడారంలో నవ్వే ఆ మనుష్యులను చూచి ప్రేక్షకులు ముచ్చటపడుతున్న సమయానికి వారు మరణించి ఆరునెలలు దాటింది. ఆ వార్త లోకానికి తెలిసింది 1913 ఫిబ్రవరిలో. అటుపైన అదే దృశ్యాన్ని మరెవరూ మునుపటి కన్నులతో చూడలేకపోయారు. ఫిల్ములో ఒక్క అంగుళం మారలేదు, చూచేవారికి తెలిసినది మారింది.

1914లో పాంటింగ్ 5,100 పౌనులు చెల్లించి ఫిల్ముపై హక్కులు కొనుక్కున్నాడు. లండనులో ఉపన్యాససహితంగా ప్రదర్శించాడు. యుద్ధకాలంలో ఫ్రాన్సు రణరంగంలోని సైనికులకూ దానిని చూపించారు. 1924లో ‘ది గ్రేట్ వైట్ సైలెన్స్’ అన్న పేరుతో పూర్తిచిత్రంగా, 1933లో మాటలు చేర్చి మరొక రూపంలో విడుదల చేశాడు. 1935లో మరణించేవరకు ఆయన ఆ ఒక్క ఫిల్మునే అంటిపెట్టుకొని ఉన్నాడనవచ్చు. ధ్రువమార్గానికి సంబంధించిన చిత్రాలు లేనిచోట పటాలమీద కదిలే బొమ్మలతోను, బోవర్స్ ఫొటోలతోను కథ నడిపించాడు. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వారు 2010లో దానిని పునరుద్ధరించారు.

గెలిచిన అముండ్‌సెన్ వద్దనూ ఒక సినిమా కెమెరా ఉన్నది. ఆయన బృందం తీసిన ఫిల్ములో ఓడ, కుక్కలు, స్థావరం కనిపిస్తాయి; ధ్రువం కనిపించదు. దానిని 2005లో యునెస్కో ప్రపంచస్మృతి పట్టికలో చేర్చారు. అయినా లోకం గుర్తు పెట్టుకొన్నది ఓడినవాని చిత్రాన్నే. ఇది న్యాయమేనా అని పై తరగతుల విద్యార్థులను అడగవచ్చు.

పాంటింగ్ తరువాత చెప్పదగినవాడు ఆస్ట్రేలియాకు చెందిన ఫ్రాంక్ హర్లీ. షాకిల్టన్ నాయకత్వంలో 28 మందితో వెళ్లిన ‘ఎండ్యూరెన్స్’ ఓడ 1915 జనవరిలో వెడ్డెల్ సముద్రపు మంచులో చిక్కుకొన్నది. అక్టోబరు 27న ఓడను విడిచిపెట్టారు. ఫొటోపలకలు ఓడలోపల నీటిలో మునిగిపోగా, హర్లీ చొక్కా విప్పి ఆ మంచునీటిలో దిగి, మూతలు అతికిన డబ్బాలను బయటకు తీశాడు. కాని అన్నిటినీ మోసుకొనిపోవడం సాధ్యం కాదు. అందుచేత అతడూ షాకిల్టనూ మంచుమీద కూర్చొని ఒక్కొక్క గాజుపలకనూ పరిశీలించి, సుమారు 120 ఉంచుకొని, దాదాపు 400 పలకలను అక్కడికక్కడే పగులగొట్టారు. తరువాత మనస్సు మార్చుకొని వెనుకకు వెళ్లడానికి వీలులేకుండా ఉండాలని అలా చేశారట. నవంబరు 21న ఓడ మునిగిపోయింది. పెద్ద కెమెరాలు పోగా హర్లీ చేతిలో చిన్న కొడాక్ కెమెరా, మూడు ఫిల్ముచుట్టలు మిగిలాయి.

1916 ఏప్రిల్ 24న షాకిల్టన్ మరి ఐదుగురితో ‘జేమ్స్ కెయిర్డ్’ అనే చిన్న పడవలో ఎలిఫెంట్ దీవినుండి సుమారు 800 మైళ్ల దూరంలోని దక్షిణ జార్జియాకు బయలుదేరాడు. సముద్రయాన చరిత్రలో ఇంతటి ప్రయాణాలు కొద్ది. మే 10న తీరం చేరారు. దీవిలో మిగిలిన 22 మందిని ఆగస్టు 30న చిలీ దేశపు ఓడ ‘యెల్చో’ రక్షించింది. కాని ఆ పడవప్రయాణాన్ని చిత్రించినవారు లేరు. హర్లీ దీవిలోనే ఉండిపోయాడు. పడవ బయలుదేరినప్పుడు తీసిన ఫొటోను దిద్ది, రక్షించవచ్చిన దృశ్యంగా ప్రచురించారు. తీరాన నిలబడి చేతులూపేవారు వీడ్కోలు చెబుతున్నారా, స్వాగతం పలుకుతున్నారా అన్నది క్రింది వ్యాఖ్య నిర్ణయించింది! 1917లో హర్లీ తిరిగి దక్షిణ జార్జియాకు వెళ్లి పక్షులను, జంతువులను చిత్రించి వచ్చిన తరువాత, 1919లో ‘సౌత్’ అన్న చిత్రం తయారయింది.

అదే 1917లో అతడు ఆస్ట్రేలియా సేనకు అధికార ఛాయాగ్రాహకుడయ్యాడు. యుద్ధాన్ని ఒక్క పలకలో చూపడం అసాధ్యమని, అనేక పలకలను కలిపి ఒకే చిత్రంగా అచ్చువేశాడు. అవి నకిలీలని సేన చరిత్రకారుడు బీన్ తీవ్రంగా అభ్యంతరపెట్టాడు. నా అభిప్రాయం బీన్ పక్షమే. అయితే హర్లీ చెప్పిన ఇబ్బంది అబద్ధం కాదు.

అప్పటికే యుద్ధచిత్రాలకు జనం అలవాటుపడ్డారు. 1916 ఆగస్టులో విడుదలయిన ‘ది బాటిల్ ఆఫ్ ది సోమ్’ చిత్రాన్ని ఆరువారాలలో బ్రిటనులో సుమారు రెండుకోట్ల టికెట్లపై చూచారని అంచనా. జులై 1న ఒక్కరోజే 19,240 మంది బ్రిటిష్ సైనికులు మరణించిన యుద్ధమది. క్షతగాత్రుల దృశ్యాలు నిజమైనవి. కాని సైనికులు కందకం దాటి దూకే దృశ్యం, ఒకడు వెనుకకు జారిపడే దృశ్యం, యుద్ధరంగానికి దూరంగా శిక్షణస్థలంలో తీసినవని పరిశోధకులు తేల్చారు. ప్రేక్షకుల మనస్సులో నిలిచినవి అవే. జులై 14న హైవుడ్ వద్ద దాడిచేసిన అశ్వికదళాలలో, నిజాం నాటి హైదరాబాదు కంటింజెంటునుండి పుట్టిన 20వ డెక్కన్ హార్స్ ఉన్నది. ఈ చిత్రానికి కావలసిన చిత్రీకరణ అంతకు కొద్దిరోజుల ముందే ముగిసింది. దాడికి ముందు గుఱ్ఱాలతో నిలిచిన ఆ రౌతుల ఛాయాచిత్రం మాత్రం మిగిలింది. మన చరిత్ర పాఠంలో దానికి చోటుండాలి.

2018లో పీటర్ జాక్సన్ ‘దే షల్ నాట్ గ్రో ఓల్డ్’ చిత్రంలో ఆ యుద్ధకాలపు ఫిల్ముకు రంగులు వేయించి, పెదవుల కదలికను చదివేవారిచేత మాటలు గుర్తింపజేసి, నటులచేత పలికించాడు. 3,008 మీటర్ల లోతున ‘ఎండ్యూరెన్స్’ శిథిలం 2022 మార్చి 5న కనబడిన తరువాత, 2024లో వచ్చిన డాక్యుమెంటరీలో యాత్రికుల డైరీలను వారివే అనిపించే కంఠస్వరాలతో కంప్యూటరుచేత చదివించారు. వినడానికి అద్భుతంగానే ఉంటుంది. అయితే రంగు ఎవరు వేశారో, కంఠం ఎక్కడినుండి వచ్చిందో పిల్లలకు చెప్పకుండా చూపడం నాకు సమ్మతం కాదు.

ఇక ఎవరెస్టు. 1924 యాత్రకు ఫిల్ము హక్కులను జాన్ నోయెల్ 8,000 పౌనులకు కొన్నాడు. యాత్రఖర్చులో అది పెద్ద భాగం. తీసిన ఫిల్మును మనుష్యులచేత డార్జిలింగుకు పంపి అక్కడ కడిగించేవాడు. దూరదర్శక కటకం అమర్చిన కెమెరాతో మైళ్ల దూరాన ఉన్న ఆరోహకులను చీమలవలె చూపగలిగాడు. జూన్ 8న మాలరీ, ఇర్విన్ శిఖరం వైపు వెళ్లి తిరిగిరాలేదు. మేఘాల నడుమ చివరిసారి వారిని చూచినవాడు ఓడెల్ ఒక్కడే. కెమెరా వారిని చూడలేదు. పైనున్నవారు ఆశలేదని తెలియజేస్తూ మంచుమీద కంబళ్లను అడ్డంగా, నిలువుగా పరచిన సంకేతాన్ని నోయెల్ కెమెరా పట్టుకున్నది. ఆ చిత్రంలో అంతకంటె బరువైన దృశ్యం లేదు.

చిత్రాన్ని లండనులో ప్రదర్శించినప్పుడు నోయెల్ ఒక ఆకర్షణ చేర్చాడు. టిబెట్టునుండి ఏడుగురు లామాలను తీసుకువెళ్లి ప్రదర్శనకు ముందు రంగస్థలంమీద నృత్యం చేయించాడు. చిత్రంలో ఒక వృద్ధుడు పిల్లవాని తలలో పేలు తీసి నోట వేసుకొనే దృశ్యం కూడా ఉన్నది. తమ మతాచారం వినోదమయిందని, తమ ప్రజలు అవమానితులయ్యారని టిబెట్టు ప్రభుత్వం ఆగ్రహించింది. ఇతర కారణాలు కూడా కలిసినవి కాని, ఫలితంగా మరల బ్రిటిష్ యాత్ర జరగడానికి 1933 వరకు ఆగవలసివచ్చింది. ఒక చలనచిత్రం ఒక పర్వతానికి తలుపులు మూయించిన సందర్భమిది. పరులను చిత్రించేటప్పుడు వారి గౌరవం సంగతి ఏమిటన్న ప్రశ్న, పరరాష్ట్రంలో మన భాషతో మనం బ్రతుకుతున్న ఈ పాఠశాలవారికి విడమరచి చెప్పనక్కరలేదు.

1922 యాత్రలో జూన్ 7న మంచుచరియ కూలి ఏడుగురు షేర్పాలు మరణించారు. 1924లో మాన్ బహదూర్, శంషేర్ అనే ఇద్దరు మరణించారు. మాలరీ పేరు విన్నవారిలో ఈ పేర్లు విన్నవారెందరు? మాలరీ దేహం 1999లో, ఇర్విన్ పాదం 2024లో బయటపడ్డాయి. వారి వెంట ఉన్న చిన్న కెమెరా దొరకలేదు.

1953లో శిఖరంమీద తెన్సింగ్ ఫొటోను హిల్లరీ తీశాడు. హిల్లరీ ఫొటో లేదు. ఆ యాత్రను గురించిన చిత్రంలో శిఖరంమీద కదిలే బొమ్మ ఒక్కటీ ఉండదు. 2014 మే 25న, మాలరీ ఎక్కబోయిన టిబెట్టు వైపునుండే, నిజామాబాదు జిల్లా గిరిజన కుటుంబపు బాలిక, గురుకుల పాఠశాల విద్యార్థిని మాలావత్ పూర్ణ పదమూడేళ్ల పదకొండు నెలల వయస్సులో శిఖరం చేరింది. ఆమె వెంట ఖమ్మం జిల్లాకు చెందిన ఆనంద్ కుమార్ ఉన్నాడు. 2017లో రాహుల్ బోస్ ఆమె కథను చిత్రంగా తీశాడు. అది నటీనటులతో తీసిన కథాచిత్రం. అందులో దాపరికం లేదు.

ఈ ఉత్సవ సంవత్సరంలో తొమ్మిది, పది తరగతులవారికి పైన చెప్పిన చిత్రాలలో కొన్ని భాగాలు చూపదలచాము. ముందుగా పాంటింగ్ గుడారదృశ్యం. చూచిన తరువాత కెమెరా ఎక్కడ ఉన్నదో, ఎవరు లేరో వ్రాయమంటాము. పూర్వవిద్యార్థులకు ఒక మనవి: మన పాఠశాల పాత ఫొటోలు మీ ఇళ్లలో ఉంటే పంపండి. వెనుకవైపు సంవత్సరం వ్రాయండి. ఉపాధ్యాయుల పేర్లతోపాటు చివరి వరుసలో నిలబడినవారి పేర్లు, గంట కొట్టే అతని పేరు, నీళ్లు తెచ్చే ఆమె పేరు కూడా తెలిసినంతవరకు వ్రాసి పంపండి.