యూట్యూబరు (వృత్తి)

యూట్యూబరు అనగా యూట్యూబు అనే వీడియో వెబ్‌సైటులో తన సొంత వీడియోలను క్రమం తప్పకుండా ప్రచురించి, వాటి ద్వారా పూర్తిగా గాని, కొంతవరకు గాని జీవనోపాధి పొందే వ్యక్తి. ఇన్‌స్టాగ్రామ్, ఫేస్‌బుక్ వంటి ఇతర సామాజిక మాధ్యమాలలో ఇటువంటి పని చేసేవారిని కూడా కలిపి కంటెంట్ క్రియేటర్లు అంటారు. వీరిలో వస్తువుల ప్రచారమే ప్రధాన ఆదాయంగా కలవారికి ఇన్‌ఫ్లుయెన్సర్లు అని పేరు. తెలుగు పత్రికలలో ఈ మూడు పదాలను తరచు ఒకే అర్థంలో వాడుచున్నారు. ఈ వృత్తిలో ప్రవేశించడానికి పట్టాలు, పెద్ద పెట్టుబడి అవసరం లేదు. అయితే ఇందులో ఉన్నవాడు జీతగాడు కాడు, పూర్తి యజమానీ కాడు. అతని ఆదాయాన్ని నిర్ణయించేవి ఒక విదేశీ సంస్థ నియమాలు, ప్రకటనదారుల అవసరాలు.

చరిత్ర

యూట్యూబు 2005 ఫిబ్రవరిలో అమెరికాలో స్థాపించబడినది. 2006 అక్టోబరులో గూగుల్ దీనిని 165 కోట్ల డాలర్లకు కొనుగోలు చేయుచున్నట్లు ప్రకటించినది. తొలి రోజులలో వీడియోలు పెట్టేవారికి సంస్థ నుండి డబ్బేమీ వచ్చేది కాదు. 2007 మే నెలలో ఎంపిక చేసిన కొందరితో ప్రకటనల రాబడిని పంచుకునే భాగస్వామ్య పథకం మొదలైనది. అదే సంవత్సరం డిసెంబరులో అమెరికా, కెనడాలలోని ఇతరులు కూడా దానికి దరఖాస్తు చేసుకునే వీలు కలిగినది. సరదాగా వీడియోలు తీయడం ఒక వృత్తిగా మారడానికి ఈ పథకమే మూలం.

భారతదేశంలో 2016 సెప్టెంబరులో జియో సేవలు ప్రారంభమైన తరువాత మొబైల్ డేటా ధరలు బాగా పడిపోయినవి. పట్టణాలకే పరిమితమైన వీడియో వీక్షణం పల్లెలకు చేరినది. తెలుగు చానెళ్ళు పెద్ద సంఖ్యలో పుట్టుకు వచ్చినది ఆ తరువాతనే.

2017లో అభ్యంతరకరమైన వీడియోల పక్కన తమ ప్రకటనలు కనిపించుచున్నవని పలు పెద్ద కంపెనీలు ప్రకటనలను నిలిపివేసినవి. దాని ఫలితంగా యూట్యూబు నియమాలను కఠినం చేసినది. 2018 జనవరి నుండి ప్రకటనల ఆదాయం పొందాలంటే చానెలుకు కనీసం 1,000 మంది చందాదారులు, గడచిన 12 నెలలలో 4,000 గంటల వీక్షణం ఉండవలెనని నిర్ణయించినది. అంతకు ముందు చిన్న మొత్తాలు సంపాదించుచున్న అనేక చానెళ్ళు ఒక్కసారిగా పథకం వెలుపల పడినవి.

టిక్‌టాక్ నిషేధం ఇంతకంటే పెద్ద దెబ్బ. 2020 జూన్ 29న భారత ప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 చైనా యాప్‌లను నిషేధించినది. అప్పటికి దేశంలో టిక్‌టాక్ వాడుకరులు సుమారు 20 కోట్లు అని అంచనా. సంవత్సరాల తరబడి అందులో అభిమానులను కూడగట్టుకున్నవారికి ఆ అనుచరులను మరొక చోటికి తరలించుకునే మార్గమే లేకపోయినది. ఆ ఖాళీని పట్టుకొనుటకు ఇన్‌స్టాగ్రామ్ 2020 జూలైలో రీల్స్‌ను, యూట్యూబు సెప్టెంబరులో షార్ట్స్‌ను భారతదేశంలో ప్రవేశపెట్టినవి. కొందరు అక్కడ మళ్ళీ మొదటి నుండి పేరు తెచ్చుకున్నారు, మరి కొందరు ఈ రంగాన్నే వదలివేశారు.

ప్రకటనల ఆదాయం

మామూలు వీడియోలపై వచ్చే ప్రకటనల రాబడిలో 55 శాతం చానెల్ యజమానికి, 45 శాతం యూట్యూబుకు చెందుతుంది. షార్ట్స్ విషయంలో లెక్క వేరు. వాటి మధ్య వచ్చే ప్రకటనల రాబడిని మొదట ఒక చోట చేర్చి, పాటల హక్కుదారుల భాగం తీసివేసి, మిగిలినదానిని వీక్షణల ప్రకారం పంచి, అందులో 45 శాతం ఇస్తారు. ఈ పద్ధతి 2023 ఫిబ్రవరి 1 నుండి అమలులోకి వచ్చినది. అందుచేత లక్షల వీక్షణలు వచ్చిన షార్ట్ వీడియో కంటే కొన్ని వేల వీక్షణలు గల దీర్ఘ వీడియో ఎక్కువ సంపాదించడం అరుదేమీ కాదు. 8 నిమిషాలు లేదా అంతకు మించిన వీడియోలకు నడుమ కూడా ప్రకటనలు పెట్టవచ్చును. అయిదు నిమిషాలలో తేలిపోయే విషయాన్ని చాలామంది సాగదీయడానికి ఇదే కారణం.

ఆదాయం వీక్షణల సంఖ్యను బట్టి మాత్రమే రాదు. చూసేవారు ఏ దేశంలో ఉన్నారు, విషయం ఏమిటి, ఆ సమయంలో ప్రకటనదారుల మధ్య పోటీ ఎంత అన్నవి కూడా ముఖ్యం. ప్రకటన చోటు వేలంపాట పద్ధతిలో అమ్ముడవుతుంది. బీమా, బ్యాంకు రుణాలు, స్థిరాస్తి వంటి విషయాలపై ప్రకటనదారులు ఎక్కువ పాడుతారు. హాస్యానికి, సినిమా కబుర్లకు తక్కువ. ఒకే తెలుగు వీడియోను అమెరికాలోని తెలుగువారు చూసినప్పుడు వచ్చే రాబడి, జగిత్యాలలోనో నరసరావుపేటలోనో చూసినప్పుడు వచ్చేదానికంటే సాధారణంగా చాలా ఎక్కువ. ప్రవాసుల వంటలు, అక్కడి ఇళ్ళు, సరుకుల ధరలు చూపే తెలుగు చానెళ్ళు అభివృద్ధి చెందడానికి ఇది కూడా ఒక కారణం. దీపావళి, సంవత్సరాంతం వంటి సమయాలలో రేట్లు పెరిగి జనవరిలో పడిపోవడం ఈ వృత్తిలోనివారందరికీ అనుభవమే.

నెలకు ఇన్ని లక్షలు సంపాదిస్తున్నారంటూ వచ్చే వార్తలలో అధిక భాగం వీక్షణల సంఖ్యను ఒక ఊహించిన రేటుతో గుణించి వ్రాసినవే. అసలు లెక్క చానెల్ యజమానికి, గూగుల్‌కు మాత్రమే తెలియును. ఖాతాలో కనీసం 100 డాలర్లు జమ అయ్యే వరకు చెల్లింపు జరగదు కనుక, చిన్న చానెళ్ళవారు మొదటి చెల్లింపు కోసం నెలల తరబడి వేచి ఉండవలసి వస్తుంది. ఈలోపు కెమెరా, మైకు, ఎడిటింగు, ప్రయాణం ఖర్చులు సొంత జేబు నుండే పెట్టుకోవాలి.

ప్రచార ఒప్పందాలు

ప్రకటనల వాటా మీద మాత్రమే కుటుంబాన్ని పోషించడం చాలామందికి సాధ్యం కాదు. అందువలన వారు నేరుగా వ్యాపారులతో ఒప్పందాలు చేసుకుంటారు. వీటిని వాడుకలో ప్రమోషన్లు అంటారు. పట్టు చీరల దుకాణం, కొత్త హోటలు, కోచింగ్ సెంటరు, ప్లాట్ల వెంచరు మొదలైనవారు వీడియోకు ఇంత అని చెల్లిస్తారు. చిన్న క్రియేటర్లకు డబ్బుకు బదులు వస్తువే ఇవ్వడం కూడా ఉన్నది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఉన్నవారికి ఇటువంటి ఒప్పందాలే ప్రధాన ఆధారం.

డబ్బు తీసుకుని చేసిన ప్రచారాన్ని సొంత అభిప్రాయంగా చూపరాదని భారత ప్రకటనల ప్రమాణాల మండలి 2021లో మార్గదర్శకాలు ప్రకటించినది. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ కూడా ఇటువంటి సూచనలే చేసినది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రచారం చేసినవారికి మొదటిసారి 10 లక్షల రూపాయల వరకు, మళ్ళీ చేసిన యెడల 50 లక్షల వరకు జరిమానా విధించవచ్చును.

తెలుగు రాష్ట్రాలలో ఈ విషయం బెట్టింగ్ యాప్‌ల వలన తీవ్రమైనది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించినవి. అయినను ఈ యాప్‌లు మామూలు దుకాణాల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఇవ్వజూపడంతో, పలువురు వాటికి ప్రచారం చేశారు. 2025 మార్చిలో హైదరాబాదులోని పంజాగుట్ట, మియాపూర్ పోలీసు స్టేషన్లలో కొందరు యూట్యూబర్లపైన, సినీ, టీవీ ప్రముఖులపైన కేసులు నమోదైనవి. అదే సంవత్సరం ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలకు ప్రచారం చేసినవారికి రెండు సంవత్సరాల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా నిర్దేశించినది. పెద్ద తారలకు ఇతర ఆదాయాలు ఉంటాయి. నెలకు ఒకటి రెండు ప్రమోషన్ల మీదే ఇల్లు గడుపుకునే చిన్న యూట్యూబరుకు మాత్రం ఏ ఒప్పందం వదులుకోవాలన్నది కష్టమైన ప్రశ్న.

పన్నులు

ఈ ఆదాయానికి మామూలు వ్యాపార ఆదాయం వలెనే పన్ను వర్తిస్తుంది. సంవత్సరపు రాబడి 20 లక్షల రూపాయలు దాటినప్పుడు జి.ఎస్.టి. నమోదు చేసుకోవాలి. 2021 జూన్ నుండి అమెరికాలోని వీక్షకుల ద్వారా వచ్చిన భాగంపై గూగుల్ అమెరికా పన్ను మినహాయించుచున్నది. రెండు దేశాల ఒప్పందం ప్రకారం భారతీయులకు ఇది 15 శాతం. పన్ను వివరాలు సమర్పించనివారికి మొత్తం ఆదాయంపై 24 శాతం వరకు కోత పడవచ్చును. 2022 జూలై 1 నుండి వచ్చిన నిబంధన ప్రకారం, ప్రచారం కోసం ఇచ్చిన ఫోను వంటి వస్తువును తిరిగి ఇవ్వకుండా ఉంచుకున్నచో దాని విలువ కూడా ఆదాయమే.

నకలు హక్కులు

సినిమా పాటను, దృశ్యాన్ని అనుమతి లేకుండా వాడితే వీడియో రాబడి హక్కుదారునికి పోతుంది, లేదా వీడియో తొలగింపబడుతుంది. 90 రోజులలో మూడు ఫిర్యాదులు నిలిస్తే చానెల్ మొత్తం రద్దు కావచ్చును. 2025 జూలైలో యూట్యూబు, యంత్రంతో మూకుమ్మడిగా తయారు చేసిన ఒకే తరహా వీడియోలకు ఆదాయం ఉండదని నియమాన్ని మరింత స్పష్టం చేసినది.

తెలుగువారు

గ్రామీణ జీవితాన్ని చూపే తెలుగు చానెళ్ళలో "మై విలేజ్ షో" ప్రసిద్ధమైనది. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో 2012లో ప్రారంభమైన ఈ చానెల్ ద్వారా వ్యవసాయ కూలీ అయిన గంగవ్వ పేరు పొందినది. ఆమె తరువాత సినిమాలలో నటించి, 2020లో బిగ్ బాస్ తెలుగు నాలుగవ భాగంలో పాల్గొన్నది. నూరేళ్ళు దాటిన వృద్ధురాలిగా పేరొందిన మస్తానమ్మ "కంట్రీ ఫుడ్స్" చానెల్‌లో పుచ్చకాయలో కోడి కూర వంటి వంటలు చేసి ప్రపంచమంతటా వీక్షకులను సంపాదించుకుని, 2018 డిసెంబరులో మరణించినది. తెలంగాణకు చెందిన నారాయణరెడ్డి 2017లో మొదలైన "గ్రాండ్‌పా కిచెన్" చానెల్‌లో పెద్ద గంగాళాలలో వంట చేసి అనాథ పిల్లలకు పెట్టేవారు. ఆయన 2019 అక్టోబరులో మరణించిన తరువాత కూడా చానెల్ కొనసాగినది.

ఇటువంటి చానెళ్ళలో తెరపై కనిపించేవారు ఒకరు, చిత్రీకరించి ఖాతా నడిపేవారు మరొకరు కావడం గమనించదగినది. మస్తానమ్మ వంటలను చిత్రీకరించినది ఆమె మునిమనుమడు, అతని స్నేహితుడు. గూగుల్ చెల్లింపు ఖాతాదారుని బ్యాంకుకే చేరుతుంది. వంట చేసినవారికి, నటించినవారికి ఎంత ఇవ్వాలన్నది యూట్యూబు నియమాలలో లేదు. కుటుంబంలో ఉన్నంతవరకు ఇది నమ్మకం మీద నడుస్తుంది. బృందం పెద్దదై, రాబడి పెరిగి, ఎవరో ఒకరు విడిపోయినప్పుడు చానెల్ పేరు, చందాదారులు, పాత వీడియోలపై వచ్చే రాబడి మొత్తం ఖాతా ఎవరి పేర ఉన్నదో వారి వద్దనే మిగులుతుంది.