రహీం, సయ్యద్ అబ్దుల్ (1909–1963)

సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాదుకు చెందిన ఫుట్‌బాల్ శిక్షకుడు. 1950 నుంచి మరణించే వరకు భారత జాతీయ జట్టుకు మార్గదర్శి. వృత్తిరీత్యా ఉపాధ్యాయుడైన రహీం, పాఠశాలల్లో క్రీడల బాధ్యత చూస్తూనే హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షణను చేపట్టగా, ఆ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయిలోని రోవర్స్ కప్ గెలుచుకుంది. అలవాటులేని కాలితోనే బంతిని తన్నాలనే నిబంధనతో ఆయన పోటీలు నడిపాడు; శరీర బలంకన్నా వేగవంతమైన పాస్‌లకు, అంటే బంతిని ఆపకుండా సహచరునికి అందించడానికి, ప్రాధాన్యమిచ్చాడు.

1951 ఢిల్లీ ఆసియా క్రీడల తుదిపోరులో భారత జట్టు ఇరాన్‌ను 1–0తో ఓడించింది. మరుసటి ఏడు హెల్సింకీ ఒలింపిక్స్‌లో, ఎక్కువమంది బూట్లు లేకుండానే ఆడిన ఆ జట్టు యుగోస్లావియా చేతిలో 1–10తో పరాజయం పాలవడం, బూట్ల వాడకం తప్పనిసరి కావడానికి దారితీసింది. 1956 మెల్‌బోర్న్‌లో నెవిల్ డిసౌజా మూడు గోల్స్‌తో ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనల్ చేరిన భారత్ నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో దేశానికి నేటికీ అదే అత్యుత్తమ ఫలితం.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో తలకు గాయమైన రక్షణ ఆటగాడు జర్నైల్ సింగ్‌ను రహీం దాడి పంక్తిలో నిలపగా, తుదిపోరులో అతడు, పి.కె. బెనర్జీ చెరొక గోల్ చేయడంతో భారత్ దక్షిణ కొరియాపై 2–1తో నెగ్గింది. అప్పటికే క్యాన్సర్‌తో బాధపడుతున్న రహీం 1963 జూన్‌లో మరణించాడు.